హెడ్డు దించిన రోజు

బావ కారు వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి కక్కుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆగిపోయింది. ఆయిల్ మూత తీస్తే లోపల విరిగిన పాలలాంటి జిడ్డు. రేడియేటర్‌లో చుక్క నీళ్ళు లేవు. అవి ఎక్కడికి పోయాయో ఆ జిడ్డే చెబుతోంది. ఇంజిన్ మొండేనికీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య పల్చటి గ్యాస్కెట్ ఒకటుంటుంది. నిప్పునూ నీళ్ళనూ ఆయిల్‌నూ దేని దారిలో దాన్ని ఉంచేది అదే. అది కాలిపోయింది.

బావ కాసేపు బండిని తిట్టి, బండి తయారుచేసినవాణ్ణి తిట్టి, చివరికి ముందు గదిలో కూర్చున్న మరదలి దగ్గరికి వచ్చాడు.

"ఏం మరదలా, ఊరికే కూర్చుంటే కీళ్ళు పట్టేస్తాయి. హెడ్డు దించి గ్యాస్కెట్ మారుస్తావా?"

"మూల మీద మెకానిక్ ఏమయ్యాడు?"

"వాడికి ఒళ్ళు బలిసింది. నా బండి మీద చెయ్యి వెయ్యడంట."

"ఎందుకని?"

"అడగలేదు."

అడగలేదన్నప్పుడు బావ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె చూసింది. చూసి వదిలేసింది.

వదిలెయ్యడానికి కారణముంది. ఆమె సమ్మెలో ఉంది. సమ్మె అంటే జెండాలూ కేకలూ అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. సమ్మె అంటే పని తెలిసిన చేతులు ఖాళీగా ఉండటం. ఆ చేతులు పెట్టే బాధ ఆకలి కూడా పెట్టదు. ఆమె పనిచేసేది పొలాలకు నీళ్ళు తోడే చిన్న ఇంజిన్ల కర్మాగారంలో. వరుస చివర హెడ్డు బిగించే బల్ల ఆమెది. మిగతా బల్లల దగ్గర మేనేజరు ఎవరెవరినో తెచ్చి నిలబెట్టాడు. వాళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తున్నారు. హెడ్డు బల్ల దగ్గర మాత్రం ఎవరూ నిలవలేదు. వాళ్ళు బిగించిన ప్రతి ఇంజినూ పరీక్ష గదిలో నీళ్ళు కార్చింది. కొత్త ఇంజిన్లు వరుసలో పేరుకుపోయాయి, ఒక్కటీ గేటు దాటలేదు. ఆ బల్ల ఖాళీగా ఉన్నంత కాలమే సమ్మెకు ఊపిరి. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సమ్మె మొదలవగానే కంపెనీ హాస్టల్‌కు తాళం వేసింది. అందుకే అక్క ఇంట్లో ఉంటోంది. అక్క కంచం పెట్టేది, తీసేది. మధ్యలో మాట ఉండేది కాదు. ఆ ఇంట్లో కంచం చప్పుడే తిట్టులా వినపడేది.

"సరే" అంది మరదలు. "పానాలు పట్రా. నా పక్కన నిలబడి కథలు మాత్రం చెప్పకు."

"నా బండి, నా వాకిలి. నోరు కూడా నాదే."

"నోటితో విప్పుకో మరి."

బావ నవ్వలేదు. పానాల డబ్బా, కవరులో ఉన్న కొత్త గ్యాస్కెట్ తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు.

బ్యాటరీ తీగ తీసింది. ఇంజిన్ లోపల మిగిలిన నీళ్ళు బకెట్లోకి వదిలింది. రబ్బరు గొట్టాలు పట్టేసుకుని రాకపోతే చాకుతో కోసేసింది, బావ అయ్యయ్యో అంటుంటే వినకుండా. పైమూత తీసింది. వాల్వులను నొక్కే రాకర్లు, వాటి కింద సన్నటి కడ్డీలు బయటపడ్డాయి. ఒక అట్టముక్కకు బెజ్జాలు పొడిచి, ఏ కడ్డీ ఏ చోటుదో అదే వరుసలో గుచ్చింది. లోపల గదిలోంచి కుట్టుమిషన్ చప్పుడు వస్తోంది. అక్క ఏదో కుడుతోంది. పొద్దుటినుంచీ ఆ మిషన్ ఆగలేదు.

"అక్కకు అంత కుట్టు పనేంటి?"

"ఆడవాళ్ళకు ఏదో ఒకటి ఉంటుంది" అన్నాడు బావ.

"బావా, ఆడవాళ్ళ గురించి నీకు తెలిసినంత ఈ బండి గురించి తెలిసినా ఇది కాలేది కాదు. నీళ్ళు లేకుండా ఎంత దూరం తోలావు?"

"తొందర పని ఉండింది."

"ఏం పని?"

"నీకెందుకు? చేసే పని చూడు."

హెడ్డు బోల్టులు అంచుల నుంచి మధ్యకు విప్పుతూ వచ్చింది. ఒక బోల్టు మొరాయించింది. పానాకు గొట్టం తొడిగి, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. కీచుమని వదిలింది. హెడ్డు కింద చెక్క పెట్టి తట్టి, ఇద్దరూ చెరో వైపు పట్టి ఎత్తారు. పాత గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలి, వేలు దూరేంత తెగి ఉంది.

"చూడు. ఇక్కణ్ణుంచే నిప్పు పక్కింట్లోకి దూరింది."

"ఆ కిటికీ మూసెయ్యి, చాలు" అన్నాడు బావ. "చీకటి పడేలోపు బండి కదలాలి. పొద్దున్నే పని ఉంది."

అది నిజంగా అవసరమున్నవాడి గొంతు. ఆమె స్టీలు స్కేలు హెడ్డు మీద అడ్డంగా నిలబెట్టి, కింద వెలుతురు దూరుతోందేమో కన్ను ఆనించి చూసింది. దూరలేదు. ఇంత వేడెక్కినా హెడ్డు వంగలేదు. పాత బండ్లకు ఆ మొండితనం ఉంటుంది. సిలిండర్లలోకి చెత్త పడకుండా గుడ్డలు కుక్కి, అంటుకుపోయిన గ్యాస్కెట్ ముక్కలను బ్లేడుతో గీకసాగింది. ఈ పనిలో తొందరపడితే మొత్తం పాడు. చిన్న గీత పడినా నీళ్ళకు దారి దొరుకుతుంది. గీకింది, తుడిచింది, వేలితో తడిమింది, మళ్ళీ గీకింది. సమ్మె మొదలైనప్పటినుంచి ఆమెకు ఒంట్లో బాగున్న రోజు అదే. దాన్ని పాడుచెయ్యడానికి లోపల కుట్టుమిషన్ తిరుగుతూనే ఉంది.

చివరిసారి తుడవడానికి శుభ్రమైన గుడ్డ కావాల్సి వచ్చి లోపలికి వెళ్ళింది.

మిషన్ పక్కన కుర్చీ మీద మడతపెట్టిన చిన్న చిన్న తెరలు ఉన్నాయి. ముదురు రంగు దుప్పటి కోసి కుట్టినవి. పైన తీగ దూరేలా మడత వేసి ఉంది. ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. ఇంటి కిటికీకి చాలదు. కారు అద్దానికి సరిపోతుంది.

"ఇవి కారుకా?"

అక్క తల ఎత్తలేదు. "కనపడట్లా?"

"ఎండకా?"

"పొద్దు పొడవకముందే ఎండెక్కడిది?" అన్నాడు వెనకే వచ్చిన బావ. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

మిషన్ ఆగింది. ఎండకు కాని తెరలు దేనికో ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. సమ్మెను కాదని ముఖం దాచుకుని కర్మాగారం గేటు దాటేవాళ్ళ కార్లకు తెరలుంటాయి. రోజూ చూస్తూనే ఉంది. మూల మీద మెకానిక్ బండి ఎందుకు ముట్టలేదో కూడా ఇప్పుడు అర్థమైంది. అతని తమ్ముడు సమ్మెలో ఉన్నాడు.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు బావా?"

బావ నేలను చూశాడు.

"నిన్నే అడుగుతున్నా. హెడ్డు బిగించడం తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారని తీసుకెళ్తున్నావు?"

"నన్ను" అంది అక్క.

మిషన్ మీదున్న తెర దారం పళ్ళతో కొరికి తెంపింది. తెంపి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టింది.

"రేపట్నుంచి ఆ బల్ల దగ్గర నేనుంటా. ఏం చూస్తావు? అది నా బల్ల. నీకంటే ముందు నాది."

అది నిజం. చెల్లెలికి ముందు ఆ బల్ల అక్కదే. పొద్దంతా నిలబడి హెడ్లు బిగించి కాళ్ళు వాచిపోతే, కూర్చోడానికి స్టూలు ఇమ్మని అడిగింది. అడిగినందుకు తీసేశారు. నోటి దురుసు అన్నారు. అక్కే చెల్లెలికి పని నేర్పి అదే బల్లకు పంపింది. చెల్లెలు చేరాక కంపెనీ అక్కడ స్టూలు వేసింది.

"ఆ మేనేజరు నీ పక్కన నిలబడ్డాడా ఎప్పుడైనా?" అంది చెల్లెలు. "గుమ్మం బయటికి గెంటినవాడి కోసమా ఈ తెరలు?"

"వాడు గెంటాడు. వాడు గెంటేవాడే, వాడి పని అది. నేను అడిగేది నీ సంఘాన్ని. నన్ను తీసేసిన రోజు ఏడుస్తూ మీ ఆఫీసుకొచ్చా. మీ గడ్డమాయన టీ తాగుతున్నాడు. స్టూలు కోసం సమ్మె చేస్తామా తల్లీ అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా వినపడుతోంది."

"అప్పుడు నేను సంఘంలో లేను."

"లేవు. నా స్టూలు మీద ఉన్నావు."

 అక్క వదల్లేదు.

"ఆ స్టూలు ఎవరడిగితే వచ్చింది? కూర్చున్నదెవరు? ఖాళీ అయిన చోట కూర్చోవడం నేరమని ఇప్పుడు నువ్వు నాకు చెప్తావా?"

"నువ్వే కదా నన్ను పంపింది."

"పంపాను. పొయ్యి వెలగాలి గనక పంపాను. రేపు కూడా పొయ్యి వెలగాలి. తింటున్నదానివి, నీకు తెలియదా?"

కంచం మాట వచ్చాక ఇక ఆ ఇంట్లో ఏ మాటకూ అడ్డులేదు. బావ ఇదే అదననుకుని గొంతు కలిపాడు. "నీడ ఇచ్చాం, తిండి పెట్టాం. ఒక్క గ్యాస్కెట్ మార్చమంటే..."

"నువ్వు నోరుముయ్యి" అన్నారు ఇద్దరూ.

ఆమె వాకిట్లోకి వచ్చింది. తెరిచిన ఇంజిన్ ముందు నిలబడింది. చెయ్యాలంటే ఎన్ని మార్గాలు. కొత్త గ్యాస్కెట్ కింద ఒక వెంట్రుక పెట్టినా చాలు, ఒక బోల్టు కొంచెం వదులుగా ఉంచినా చాలు, బండి గేటు దాకా కూడా పోదు. కానీ వాళ్ళ సంఘానికి ఒక నియమం ఉంది, దాన్ని వాళ్ళు పిల్లలకు చెప్పినట్టు ఒకరికొకరు చెప్పుకుంటారు: పని ఆపుతాం, పని చెడగొట్టం. చెడగొట్టిన చేతిని రేపు ఎవరూ నమ్మరు. ఆ నియమం మీద ఆమెకు ఆ క్షణంలో ఒళ్ళు మండిపోయింది. అయినా తప్పలేదు.

పానాలన్నీ తుడిచి డబ్బాలో పెట్టింది. కడ్డీలు గుచ్చిన అట్టను తొక్కకుండా గోడ వారగా జరిపింది. కొత్త గ్యాస్కెట్‌ను దాని కవరు మీద పరిచింది.

"నేను ఆపేశాను" అంది.

"ఆపేస్తే ఎట్లా? సగంలో వదిలేసి పోతావా?"

"సగంలో ఆపడాన్నే సమ్మె అంటారు బావా. అంతా అయ్యాక ఆపితే సెలవంటారు."

బావ వంగి ఇంజిన్‌లోకి తొంగి చూశాడు. "ఏమైనా పెట్టావా లోపల? చూడవే, ఇది ఏదో పెట్టే ఉంటుంది."

అక్క జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ గుమ్మం దిగింది. "పెట్టదు. దానికంత తెలివి లేదు." బండి మీదికి వంగి, ఇంజిన్ మొండెం మీద అరచేయి ఆనించి మెల్లగా రాసింది. "బాగా గీకింది. నేను నేర్పిన చెయ్యే."

అది పొగడ్త కాదు. వస్తువును పరీక్షించి తీసుకుంటున్నవాళ్ళ మాట.

ఆ తర్వాత జరిగింది చెల్లెలు వాకిట్లో నిలబడి చూసింది. వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. అక్క గ్యాస్కెట్‌ను అటూ ఇటూ తిప్పి బెజ్జాలు సరిపోయేలా పరిచింది. బావ చేత హెడ్డు పట్టించి, చిన్నపిల్లను పడుకోబెట్టినట్టు దించింది. బోల్టులకు ఆయిల్ రాసి చేత్తో తిప్పి కూర్చోబెట్టింది. మధ్య బోల్టు, దాని ఎదుటిది, తర్వాత ఇటుది, అటుది. మధ్యలో మొదలుపెట్టి అంచులకు. మొదటి చుట్టు మెత్తగా, తర్వాత చుట్టు గట్టిగా, ఆఖరి చుట్టు బిగువు కొలిచే టార్క్ పానా టక్కుమనేదాకా. ఆగలేదు, తడుముకోలేదు. ఆ బల్ల వదిలి ఎంత కాలమైనా ఆమె చేతులు బల్ల దగ్గరే ఉన్నాయి. చూస్తుంటే చెల్లెలికి కోపం, ఆ కోపం కింద భయం. ఈ చేతులు లోపలికి పోతే సమ్మె వారం నిలవదు.

పొద్దు వాలేసరికి కడ్డీలు వాటి చోట్లలో పెట్టి, బావ తెచ్చిన కొత్త గొట్టాలు తొడిగి, నీళ్ళు, కొత్త ఆయిల్ పోసి తాళం తిప్పారు. ఇంజిన్ ఒకసారి దగ్గి, అందుకుని, సాఫీగా తిరిగింది. ఆవిరి లేదు.

"విన్నావా మరదలా?" అన్నాడు బావ. "నువ్వు లేకపోయినా తిరుగుతోంది."

ఆమె సంచి సర్దుకుంది. అక్క చేతులకు సబ్బు రుద్దుకుంటూ అంది, "తినేసి పో."

"వద్దు."

"వద్దంటే పో. గిన్నె కడిగే పని తప్పింది."

గేటు దగ్గర సమ్మె డేరాలో గడ్డమాయన, సంఘం కార్యదర్శి, నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఆమె విషయం చెప్పింది. అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. అద్దాలు పగలగొడదామన్నాడొకడు. టైర్లు కోద్దామన్నాడొకడు.

"అవేమీ వద్దు. మన డిమాండ్ల గుడ్డ మీద ఇంకొకటి రాయండి. తీసేసినవాళ్ళను వెనక్కి తీసుకోవాలని. మా అక్కతో మొదలు."

కార్యదర్శి గడ్డం నిమురుకున్నాడు. "సమ్మె మధ్యలో కొత్త డిమాండ్లు పెట్టకూడదమ్మా. అది పాత కేసు. పైగా మీ ఇంటి గొడవ."

"స్టూలు అడిగితే ఉద్యోగం పోవడం మా ఇంటి గొడవా?"

"ఆవిడది కొంచెం నోటి దురుసు కూడానూ."

"మేనేజరు కూడా అదే మాట అన్నాడు. ఇద్దరూ కూర్చుని రాసుకున్నారా?"

డేరాలో ఎవరో కిసుక్కుమన్నారు. కార్యదర్శి ముఖం మాడిపోయింది.

"నువ్వు ఎవరి పక్షం?"

"అది నన్నడక్కు. ఆ రోజు టీ గ్లాసు పక్కన పెట్టి లేచి ఉంటే, రేపు ఆ కారు వచ్చేది కాదు. ఆ కారుకు గ్యాస్కెట్ వేసింది మా అక్కయితే, దాన్ని ఈ గేటుకు తోలుతున్నది నువ్వు."

కూర్చుని మాట్లాడుదాం అన్నాడు. కమిటీలో పెడదాం అన్నాడు. అలాంటి మాటలు అతని దగ్గర ఎప్పుడూ నిలవ ఉంటాయి. రాయలేదు.

తెల్లవారుతుండగా కారు వచ్చింది. నాలుగు అద్దాలకూ తెరలు. గేటు లోపల మేనేజరు మనుషులు రెక్కలు తీసి పట్టుకుని ఉన్నారు. జనం కదిలారు. ఆమె అందరికంటే ముందు పోయి కారుకు అడ్డంగా నిలబడింది. బావ హారన్ కొట్టాడు. ఆమె జరగలేదు. బంపరు మోకాలికి తగిలేదాకా తెచ్చి ఆపాడు. ఇంజిన్ కుదురుగా తిరుగుతోంది, ఎక్కడా తడబాటు లేదు.

వెనక అద్దం తెర పక్కకు జరిగింది. అద్దం దిగింది. అక్క ముఖం దాచుకోలేదు. జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసి, చెల్లెలి దగ్గర ఆగింది.

"ఏంటి, రాళ్ళేవి?"

"రాళ్ళు లేవు. నీ సంగతి గుడ్డ మీద రాయమని అడిగా."

"రాశారా?"

వెనక నుంచి కార్యదర్శి చెల్లెలి చెవి దగ్గరగా వచ్చి గొణిగాడు. "రాశామని చెప్పు. తర్వాత చూసుకుందాం."

ఆమె అతని వైపు తిరగలేదు. "రాయలేదు. రాశామని చెప్పమంటున్నాడు ఈయన."

అక్క కార్యదర్శిని చూసింది. అతను గుంపులోకి వెనక్కి జరిగాడు.

"నువ్వేమంటావు?" అంది అక్క.

"నేను గొడవపడుతున్నా. ఇంకా తేలలేదు."

"తేలేదాకా మేం తినకుండా ఉండాలా?"

"ఉంటున్నాం కదా."

"నువ్వు ఉంటున్నావా? నిన్న పొద్దున నా ఇంట్లో తిన్నావు."

చెల్లెలు తల దించలేదు. "తిన్నా. నీ స్టూలు మీద కూర్చున్నా కూడా. రెండూ ఒప్పుకుంటా. లోపలికి మాత్రం పోనివ్వను."

"మరదలా, జరుగు" అన్నాడు బావ. "మేనేజరుకు మాటిచ్చాను నేను."

"బల్ల దగ్గర నిలబడేది నువ్వా?" అంది అక్క.

"అది కాదే..."

"కాకపోతే ఆగు."

గేటు లోపల ఎవరో రండి రండి అని చెయ్యి ఊపుతున్నారు. ఒకప్పుడు తనను బయటికి గెంటిన చెయ్యే ఇవాళ రమ్మంటోంది. అక్క ఆ చేతిని కాసేపు చూసింది. ముఖంలో ఏమీ మెత్తబడలేదు. డేరా మీద గాలికి ఊగుతున్న డిమాండ్ల గుడ్డను చూసింది. పై నుంచి కింద దాకా చదివింది.

"వెనక్కి తిప్పు" అంది బావతో.

"పిచ్చా నీకు?"

"తిప్పు." తర్వాత చెల్లెలితో అంది, "నీ మొహం చూసి కాదు. రేపు ఇదే వేళకు వస్తా. ఆ గుడ్డ మీద నా మాట కనపడాలి, ఇక్కణ్ణుంచి చదివేంత పెద్ద అక్షరాల్లో. కనపడకపోతే లోపలికే పోతా. నువ్వు అడ్డం నిలబడితే నీ మీదుగా పోతా."

అద్దం లేచింది. తెర మూసుకుంది. బావ గేరు మార్చి, తిట్టుకుంటూ, కారును వెనక్కి తిప్పుకుపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాళ్ళకు తెలియదు.

ఆమె కొట్టలేదు. రంగు డబ్బా ఎక్కడుందో చూసి, బ్రష్ తీసుకుంది. కార్యదర్శి అప్పటికే డేరా లోపల, గుడ్డ కట్టిన కర్రకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు.

"లే" అంది ఆమె.